నూటికి ఎంత, మొత్తం ఎంత: హెచ్‌ఐవీ చికిత్సలో నా అదుపు కణాల లెక్క

మొదటి నమూనా ఇచ్చిన రోజు నా దగ్గర రెండు పరీక్షల ఫలితాలు ఉన్నాయి. ఒకదానిలో సీడీ4 కణాలు, అంటే హెచ్‌ఐవీ దెబ్బతీసే ఒక రకం టీ కణాలు (రోగనిరోధక వ్యవస్థలోని తెల్ల రక్తకణాలు), ఘన మిల్లీమీటరు రక్తానికి 168 అని రాసి ఉంది. రెండోదానిలో వైరల్ లోడు, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క, మిల్లీలీటరుకు 2,40,000 కాపీలు. ఆరోగ్యంగా ఉన్నవారిలో సీడీ4 కణాలు సాధారణంగా 500 నుంచి 1,500 దాకా ఉంటాయని, 200 కంటే తగ్గితే ఎయిడ్స్ దశగా లెక్కిస్తారని అప్పటికే చదివేశాను. చదవకుండా ఉంటే ఆ రాత్రి కొంచెమైనా నిద్రపోయేదాన్నేమో.

మెడ పక్కన ఒక గడ్డ కూడా ఉండేది. సూదితో తీసి పరీక్షిస్తే క్షయ అని తేలింది. ముందు క్షయ మందులు, రెండు వారాల తరువాత హెచ్‌ఐవీ మందులు అని డాక్టరు గారు నిర్ణయించారు. ఆ రెండు వారాల మధ్యలోనే తమ అధ్యయనం గురించి చెప్పారు. హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టాక రోగనిరోధక వ్యవస్థలోని ఒక ప్రత్యేకమైన కణాల గుంపు ఎలా మారుతుందో వాళ్లు చూస్తున్నారు. మందులు మొదలుకాకముందు ఒకసారి, ఆ తరువాత ఆరో నెల, పన్నెండో నెల, ఇరవై నాలుగో నెల రక్తం ఇవ్వాలి.

"ఇష్టం లేకపోతే వద్దనండి, మీ చికిత్సలో ఏ తేడా ఉండదు. కానీ ఇస్తే మాత్రం ఇప్పుడే ఇవ్వాలి. మొదటి మాత్ర వేసుకున్నాక ఈ స్థితి మళ్ళీ దొరకదు" అన్నారు.

ఆ మాట నా మీద బాగా పనిచేసింది. శరీరం అంత దెబ్బతిన్న స్థితిలో ఉండడం కూడా ఎవరికైనా పనికొస్తుందని అంతవరకు నాకు తోచలేదు. అంగీకార పత్రం రెండుసార్లు చదివి సంతకం చేశాను. గొట్టాల మీద నా పేరు ఉండదు, నంబరు మాత్రమే ఉంటుంది అన్న వాక్యాన్ని మూడోసారి కూడా చదివాను.

ఆ కణాల పేరు నియంత్రక టీ కణాలు. అక్కడ పనిచేసేవాళ్లంతా టీ-రెగ్ అంటారు. నేను నా కోసం అదుపు కణాలు అని పేరు పెట్టుకున్నాను, ఇక్కడా అదే వాడతాను. ఇవి కూడా సీడీ4 కణాలే. అయితే మిగతా సీడీ4 కణాలు సూక్ష్మజీవి మీదికి దాడిని పురికొల్పితే, ఇవి ఆ దాడిని ఎక్కడ ఆపాలో చూస్తాయి. ఇవి లేకపోతే ఏమవుతుందో తెలియజెప్పే అరుదైన జబ్బు ఒకటి ఉంది. ఫాక్స్‌పీ3 అనే జన్యువు చెడిపోయి పుట్టిన మగ పిల్లల్లో అదుపు కణాలు సరిగా తయారుకావు. వాళ్ల రోగనిరోధక వ్యవస్థ సొంత పేగుల మీద, చర్మం మీద, ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద విరుచుకుపడుతుంది. సరైన చికిత్స అందకపోతే ఆ పిల్లలు చిన్నతనంలోనే చనిపోతారు. డాక్టరు గారు ఇది చెప్పినప్పుడు నా జబ్బు సంగతి కాసేపు మరిచిపోయాను.

హెచ్‌ఐవీ మందులు మొదలయ్యాయి. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే మాత్ర. క్షయకు వాడే రిఫాంపిసిన్ శరీరంలో డోలుటెగ్రావిర్‌ను తొందరగా తగ్గించేస్తుంది కాబట్టి, పన్నెండు గంటల తరువాత 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ విడిగా ఇంకొకటి వేసుకోవాలి. ఫోనులో రెండు అలారాలు పెట్టుకున్నాను.

మూడో వారంలో జ్వరం వచ్చింది. తగ్గుతూ వచ్చిన మెడ గడ్డ రెండింతలైంది, ముట్టుకుంటే నొప్పి. మందు పనిచేయడం లేదనుకున్నాను. మా ఆయన ఏమీ మాట్లాడకుండా నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అక్కడ మళ్ళీ వైరల్ లోడు చూశారు. 2,40,000 కాస్తా 900 అయింది! గడ్డ ఎందుకు పెరిగిందని అడిగితే, మందు పనిచేయడం వల్లనే అన్నారు. నాకు అర్థం కాలేదు, కోపం కూడా వచ్చింది.

తరువాత తీరికగా చెప్పారు. వైరస్ తగ్గగానే సీడీ4 కణాలు తిరిగి పెరగడం మొదలవుతుంది. అన్నాళ్లూ పట్టించుకునే శక్తి లేక వదిలేసిన క్షయ క్రిములను, చచ్చిన క్రిముల ముక్కలను కూడా, అవి ఒక్కసారిగా గుర్తుపట్టి మీద పడతాయి. దీన్ని ఐరిస్ అంటారు. చాలా తక్కువ సీడీ4 కణాలతో మందులు మొదలుపెట్టినవారిలో, ముఖ్యంగా క్షయ కూడా ఉన్నవారిలో, మొదటి కొన్ని వారాల్లో ఇది కనిపిస్తుంది. రెండు రకాల మందుల్లో దేన్నీ ఆపలేదు. కొద్ది రోజులు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. నాలుగు రోజులకే జ్వరం దిగింది.

అదుపు అన్న మాట విలువ నాకు ఒంటితో తెలిసింది అప్పుడే. అంతకుముందు, నాకు తగ్గింది రోగనిరోధక శక్తి, కాబట్టి దాన్ని పెంచుకుంటే చాలు అనే లెక్కలో ఉండేదాన్ని. పెరిగిన ఆ శక్తే నన్ను మూడు రోజులు మంచం మీద పడేసింది.

ఆరో నెల నమూనా మామూలుగా జరిగిపోయింది. వైరల్ లోడు 50 కంటే దిగువకు వచ్చింది. ఆ అంకె కింద ఉన్నంతకాలం లైంగిక సంబంధం ద్వారా వైరస్ ఎదుటివారికి సోకదని, వేలాది జంటల మీద జరిగిన అధ్యయనాల్లో తేలిందని డాక్టరు గారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. మా ఆయనకు పరీక్షలో నెగెటివ్. ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆయన నా చెయ్యి వదల్లేదు.

పన్నెండో నెలలో రక్తం ఇచ్చాక, దీన్ని తరువాత ఏం చేస్తారని అడిగాను. రక్తం తీసే అమ్మాయి నవ్వి, అద్దాల బయట నిలబడి చూడవచ్చని డాక్టరు గారి దగ్గర అనుమతి తెచ్చింది. గొట్టంలో రక్తం పడగానే దాన్ని తలకిందులు చేసి మళ్ళీ నిలబెట్టింది, ఎనిమిది పదిసార్లు, మెల్లగా. లోపలి మందు కలిసి రక్తం గడ్డకట్టకుండా ఉండాలి, గట్టిగా కుదిపితే కణాలు పగిలిపోతాయి. ఆ మెల్లదనం చూస్తుంటే ఎందుకో గొంతు పట్టేసింది. హెచ్‌ఐవీ అని తెలిశాక నా రక్తాన్ని అంత భద్రంగా పట్టుకున్నవాళ్లను నేను చూడలేదు.

అద్దాల వెనుక, గాలిని వడపోసే పెట్టె ముందు కూర్చుని ఒక అబ్బాయి పని మొదలుపెట్టాడు. రక్తాన్ని ఉప్పునీటి ద్రావణంతో పలచన చేశాడు. ఇంకో గొట్టంలో అడుగున చిక్కటి, రంగులేని ద్రవం ఉంది. గొట్టాన్ని ఏటవాలుగా పట్టుకుని, ఆ ద్రవంతో కలవకుండా రక్తాన్ని గోడ వెంబడి జార్చాడు. ఎరుపు పైన, రంగులేని ద్రవం కింద, మధ్యలో కత్తితో గీసినట్టు గీత. తరువాత గిర్రున తిప్పే యంత్రంలో అరగంట పెట్టారు. అరగంట అయ్యాక కూడా యంత్రం తిరుగుతూనే ఉంది, మెల్లమెల్లగా నెమ్మదించింది. ఎందుకింత ఆలస్యమని నా పక్కనున్న అమ్మాయిని అడిగాను. ఈ పని చేసేటప్పుడు యంత్రం బ్రేకు తీసేస్తారట. బ్రేకు పడితే వచ్చిన కుదుపుకి పొరలు చెదిరిపోతాయి.

బయటికి తీసిన గొట్టంలో నాలుగు పొరలు. అడుగున ఎర్రకణాలు, వాటి మీద ఆ చిక్కటి ద్రవం, అన్నిటికంటే పైన పసుపు రంగు నీరు. ద్రవానికి, పసుపు నీటికి మధ్య సన్నని తెల్లని వలయం, ఊదితే చెదిరిపోయే మబ్బులా. నా టీ కణాలన్నీ అందులోనే ఉన్నాయన్నారు. వైరస్ ఏళ్ల తరబడి చంపుతూ వచ్చినా మిగిలినవీ, ఏడాదిగా తిరిగి పుట్టుకొచ్చినవీ ఆ వలయంలోనివే.

ఆ కణాలకు, వాటి మీది గుర్తులను పట్టుకునే, రంగులు తగిలించిన యాంటీబాడీలు కలుపుతారు. సీడీ4కు ఒక రంగు, సీడీ25కు ఒకటి, సీడీ127కు ఇంకొకటి. అదుపు కణాల మీద సీడీ25 ఎక్కువగా, సీడీ127 తక్కువగా ఉంటుంది. మిగతావాటి నుంచి వీటిని విడదీసేది ఈ తేడాయే. పూర్తిగా నిర్ధారించుకోవాలంటే కణం కేంద్రకంలో ఉండే ఫాక్స్‌పీ3 ప్రొటీన్‌ను కూడా చూడాలి. దానికోసం కణానికి రంధ్రాలు చేయాలి, అంటే ఆ కణం ఇక బతకదు. బతికుండగా అవి ఏం పని చేస్తున్నాయో చూడాలంటే పైపై గుర్తులతోనే సరిపెట్టుకోవాలి. అందుకే నమూనాను రెండు భాగాలు చేస్తారు. ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో కణాలు ఒకదాని వెనుక ఒకటి లేజర్ కిరణం ముందు నుంచి పోతుంటాయి. తెర మీద ఒక్కో చుక్క ఒక్కో కణం. వేల చుక్కల గుంపుకు దూరంగా ఒక మూల చిన్న గుంపు కనిపించింది. ఆ అమ్మాయి వేలితో దాని చుట్టూ గీసి చూపించి, "ఇవే మీవి" అంది.

అప్పటిదాకా వచ్చిన ఫలితాలు చూపించమని డాక్టరు గారిని పట్టుబట్టాను. ఇవి పరిశోధన కోసమే, వీటిని బట్టి చికిత్స మార్చరు అని ముందే చెప్పి చూపించారు. సీడీ4 కణాల్లో అదుపు కణాలు నూటికి ఎన్ని అన్నది వరుసగా రాసి ఉంది: 14, 12, 10.

నాకు గుండె జారింది. తగ్గుతున్నాయి! ఐరిస్‌తో పడిన బాధ గుర్తొచ్చింది, ఆ పసిపిల్లల జబ్బు గుర్తొచ్చింది. మందులు నా అదుపు కణాలను తినేస్తున్నాయా అని అడిగేశాను.

డాక్టరు గారు కాగితం వెనక్కి తిప్పి పెన్ను నా చేతికిచ్చారు. "మీరే గుణించండి" అన్నారు.

మొదటి రోజు సీడీ4 కణాలు 168. అందులో నూటికి 14 అంటే దాదాపు 24. ఆరో నెల సీడీ4 262, నూటికి 12 అంటే 31. పన్నెండో నెల 340, నూటికి 10 అంటే 34. నూటికి ఎన్ని అన్నది తగ్గుతుంటే, అసలు సంఖ్య పెరుగుతోంది. కాగితం మీద నా చేత్తో వేసిన లెక్క కాకపోతే నమ్మేదాన్ని కాదు.

మందులు లేని రోజుల్లో వైరస్ సీడీ4 కణాలన్నిటినీ తగ్గిస్తుంది, అదుపు కణాలనూ వదలదు. కానీ మిగతావి అంతకంటే వేగంగా నశిస్తాయి. పైగా వైరస్ వల్ల వ్యవస్థ పగలూ రాత్రీ రెచ్చిపోయి ఉంటుంది కాబట్టి, ఆ రెచ్చిపోవడాన్ని అణచడానికి శరీరం అదుపు కణాల వాటాను పెంచుకుంటుంది. అలా మొత్తం తగ్గినా వాటా పెరుగుతుంది. మందులతో వైరస్ ఆగిపోయాక మిగతా సీడీ4 కణాలు కోలుకుంటాయి, రెచ్చగొట్టేది పోతుంది, వాటా మెల్లగా దిగుతుంది. ఆరోగ్యవంతుల రక్తంలో సీడీ4 కణాల్లో అదుపు కణాలు సుమారుగా నూటికి 5 నుంచి 10 దాకా ఉంటాయి. నేను దాని పై అంచుకు చేరాను. సీడీ4 బాగా పడిపోయాక ఆలస్యంగా మందులు మొదలుపెట్టినవారిలో ఈ దిగడం నెమ్మదిగా జరుగుతుంది, కొందరిలో పూర్తిగా మామూలు స్థితికి రాదు కూడా. నేను ముందే పరీక్ష చేయించుకోవలసింది. ఈ మాట ఇంకొకరికి చెప్పే అవకాశం వచ్చినప్పుడల్లా చెబుతున్నాను.

ఈ వాటా ఎక్కువగా ఉండడం మంచిదా, తక్కువగా ఉండడం మంచిదా అని అడిగితే రెండు వైపులా నష్టం ఉందన్నారు. ఎక్కువైతే, వైరస్ సోకిన కణాలను చంపే సీడీ8 కణాల చేతులు కూడా కట్టేస్తాయి. తక్కువైతే శరీరంలో వాపు ప్రక్రియ చల్లారదు. దానివల్ల ఏళ్లు గడిచేకొద్దీ గుండెకు, రక్తనాళాలకు ముప్పు పెరుగుతుంది.

సీడీ4 కణాలను తొందరగా పెంచే ఇంజెక్షన్ ఏదైనా లేదా అని కూడా ఆ రోజే అడిగాను. ఉండేదట. ఇంటర్‌ల్యూకిన్-2 అనే పదార్థాన్ని హెచ్‌ఐవీ మందులతో పాటు ఇచ్చి చూశారు. ఎస్ప్రిట్, సిల్‌క్యాట్ అనే రెండు పెద్ద పరీక్షల్లో దాదాపు 5,800 మంది పాల్గొన్నారు. 2009లో ఫలితాలు వచ్చాయి. సీడీ4 కణాల సంఖ్య బాగా పెరిగింది, కానీ జబ్బులు గానీ మరణాలు గానీ తగ్గలేదు. అలా పెరిగిన కణాల్లో సీడీ25, ఫాక్స్‌పీ3 ఉన్నవి చాలా ఉన్నాయని, అంటే అవి అదుపు కణాల పోలికలతో ఉన్నాయని అంతకుముందే కొందరు పరిశోధకులు గమనించారు. ఎన్ని కణాలు అన్నది తెలిస్తే చాలదు, ఏ కణాలు అన్నదీ తెలియాలి. అప్పటివరకు ప్రతి పరీక్షకూ ఒకే అంకె కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూసిన నాకు ఇది మింగుడుపడడానికి చాలా రోజులు పట్టింది.

రోగనిరోధక శక్తిని పెంచుతాం అంటూ పొడులు, ద్రవాలు అమ్మేవాళ్ల మీద అప్పటి నుంచి నాకు పట్టరాని కోపం. నాతో పాటు పరీక్షలకు వచ్చే ఒక పెద్దాయన అలాంటిదేదో నమ్మి నాలుగు నెలలు మాత్రలు ఆపేశారు. సీడీ4 బాగానే ఉంది కదా, కొన్నాళ్లు ఆపితే ఏమవుతుంది అన్నది ఆయన వాదన. అదే ప్రశ్నకు జవాబు కోసం స్మార్ట్ అనే పరీక్ష జరిగింది. అందులో 5,472 మంది పాల్గొన్నారు. సీడీ4 బాగున్నప్పుడు మందులు ఆపి, తగ్గినప్పుడు మళ్ళీ మొదలుపెట్టినవారిలో మరణాలు, గుండె, మూత్రపిండాల, కాలేయ జబ్బులు ఎక్కువగా రావడంతో 2006లో ఆ పద్ధతిని ఆపేశారు. ఇదంతా ఆయనకు చెప్పాను. మొదట విసుక్కున్నారు. మళ్ళీ చెప్పాను. ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నారు, ఆ నాలుగు నెలల్లో పడిపోయిన సీడీ4 ఇంకా మొదటి చోటికి రాలేదు.

ఇరవై నాలుగో నెలలో పేగు నుంచి చిన్న ముక్క కూడా ఇస్తారా అని అడిగారు. టీ కణాల్లో చాలా భాగం రక్తంలో ఉండదు, పేగుల గోడల్లోనూ లింఫు గ్రంథుల్లోనూ ఉంటుంది. హెచ్‌ఐవీ సోకిన తొలి వారాల్లోనే పేగులోని సీడీ4 కణాలు విపరీతంగా నశిస్తాయి. వాటిలో పేగు గోడను కాపాడే టీహెచ్17 అనే రకం కూడా ఉంది. ఈ కణాలకూ అదుపు కణాలకూ మధ్య ఉండాల్సిన తూకం చెడిపోతుంది. గోడ బలహీనపడి బాక్టీరియా ముక్కలు రక్తంలోకి ఊరుతుంటాయి. వైరస్ కనిపించనంతగా తగ్గిపోయాక కూడా కొందరిలో వాపు ప్రక్రియ మిగిలిపోవడానికి అదొక కారణం. అదుపు కణాల్లోనూ వైరస్ దాగి ఉంటుంది. వాటి మీద కూడా వైరస్ లోపలికి పోవడానికి వాడుకునే సీసీఆర్5 ద్వారం ఉంటుంది. అందుకే ఈ కణాలను కొంతకాలం తగ్గించి, దాగిన వైరస్‌ను బయటికి లాగవచ్చా అని కోతుల మీద ప్రయత్నాలు జరిగాయి. అదుపు తీసేస్తే సొంత శరీరం మీదే దాడి మొదలయ్యే ప్రమాదం ఉంది కాబట్టి మనుషుల విషయంలో ఎంతో జాగ్రత్త కావాలి.

పేగు ముక్కకు నేను ఒప్పుకోలేదు. భయం వేసింది. ఎవరూ రెండోసారి అడగలేదు, ముఖం మాడ్చుకోలేదు. రక్తం మాత్రం ఇచ్చాను. సీడీ4 455, నూటికి 8.5. గుణిస్తే దాదాపు 39.

2025 అక్టోబరులో వైద్యంలో నోబెల్ బహుమతి మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచి గార్లకు ప్రకటించారు. అదుపు కణాల గురించే. సకగుచి గారు 1995లో సీడీ25 ఉన్న ఈ టీ కణాలను వేరుచేసి చూపించారు. మిగతా ఇద్దరూ 2001లో ఫాక్స్‌పీ3 జన్యువును కనుగొన్నారు. ఆ వార్త వచ్చినప్పుడు నేను ఫోను పట్టుకుని మా ఆయన దగ్గరికి పరుగెత్తాను. "ఇవే, నేను లెక్కపెట్టినవి ఇవే" అన్నాను. ఆయనకు టీ కణాలంటే ఏమిటో పెద్దగా తెలియదు. కానీ కూర్చుని వార్తంతా మొదటి నుంచి చివరిదాకా నాకు పైకి చదివి వినిపించారు.

పోయిన నెలలో అధ్యయనం వాళ్లు మళ్ళీ పిలిచారు. నా నమూనాల్లో మిగిలిన కణాలను ద్రవ నైట్రోజన్‌లో, సున్నా కంటే 196 డిగ్రీలు తక్కువ చలిలో, దాచి ఉంచవచ్చా అని అడిగారు. ముందుముందు కొత్త పరీక్షలు వస్తే వాడుకుంటారట. దేనికి వాడకూడదో రాయడానికి కూడా ఆ కాగితంలో ఖాళీ వదిలారు. నేను ఆ ఖాళీని అలాగే ఉంచి సంతకం చేశాను. తరువాత రక్తం తీసే అమ్మాయి దగ్గరికి వెళ్లి, పేగు ముక్క తీసేటప్పుడు నొప్పి ఎంతసేపు ఉంటుందని అడిగాను.